ఎక్కమన్న అంతస్తు

కువైత్‌లో మేం పనిచేసే ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. పొద్దున పని మొదలవగానే ఫోన్ మామా చేతికి, అంటే ఇంటి యజమానురాలి చేతికి, ఇచ్చెయ్యాలి, పనయ్యాక అడిగి తీసుకోవాలి. ముబారక్ అల్ కబీర్‌లోని మా ఇంటి మామాకి నేను ఏళ్ల తరబడి అలాగే ఇచ్చాను, లోపల తిట్టుకుంటూనే. ఆవిడ కూతుర్ని పొత్తిళ్ల నుంచి పెంచింది నేను. దానికి అరబ్బీతో పాటే నా కోనసీమ మాటా వచ్చేసింది. ఇప్పుడు అమెరికాలో, ఒక మూడంతస్తుల అపార్ట్‌మెంట్ మధ్య అంతస్తులో ఉండి చదువుతోంది.

ఒక ఉదయం, ఫోన్ ఇంకా మామాకి ఇవ్వకముందే, రొట్టెలు కాలుస్తుంటే ఫోన్ చేసింది. అక్కడ అప్పుడు రాత్రి.

"పిన్నీ, టోర్నడో వత్తందంట. సైరన్లు మోగుతున్నాయ్. నాలుగైదు రాష్ట్రాల్లో సాయంత్రం నుంచీ ఇదేనంట, శానామంది పోయారంట. అమ్మకి సెప్తే ఏడుత్తది. నాకు బయమేత్తంది."

గాలంటే నాకు తెలియనిదా? మా ఊరి మీదికి సముద్రం వచ్చిన తుపానులో డాబా ఎక్కినవాళ్లే మిగిలారు.

"పై అంతస్తు ఎక్కెయ్యి, ఆగకు!"

"కాదు పిన్నీ, దీనికి కిందకే ఎల్లాలి. పైకప్పులు ఎగిరిపోతాయ్."

"ఎక్కమన్నానా!"

"ఎక్కను."

"అయితే కిందింట్లోకన్నా పోవే!"

"ఆళ్లెవరో నాకు తెలీదు..."

"తెలీకపోతేనేం? తలుపు బాదు. గాలొచ్చినప్పుడు ఎవరిల్లని సూత్తారా ఎవరైనా?"

అప్పుడే మామా వంటింట్లోకి వచ్చి చెయ్యి చాపింది. "యల్లా, ఇటివ్వు ఫోన్."

"ఇవ్వను మామా."

నా నోట ఆ మాట ఆవిడ ఎన్నడూ వినలేదు. మొహం ఎర్రబడింది. "ఖలాస్. నిన్ను మీ ఊరికి పంపించేస్తాను" అంది.

"పంపించు. ఫోన్ మాత్రం ఇవ్వను. అవతల ఉన్నది నీ కూతురు" అని స్పీకర్ పెట్టాను. తలుపు బాదుతున్న చప్పుడు, ఎవరో తలుపు తీసిన చప్పుడు, ఆ వెనకే రోట్లో రాళ్లు పోసి తిప్పినట్టు హోరు. లైను తెగిపోయింది.

మామా నేల మీద కూలబడింది. పక్కనే నేనూ. పెనం మీద రొట్టె మాడుతున్నా ఇద్దరిలో ఎవరమూ లేవలేదు. ఆవిడ తన దేవుణ్ణి వేడుకుంది. నేను వేడుకోలేదు, నా దేవుడితో దెబ్బలాడాను. దాన్ని తీసుకెళ్లావో, బతికుండగా నీకు దీపం పెట్టను అన్నాను.

చాలాసేపటికి పిల్ల వీడియోలో కనిపించింది. కిందింటివాళ్ల స్నానాలగదిలో, ఒంటి మీద వాళ్ల దుప్పటి కప్పుకుని ఉంది. పై అంతస్తు గాలికి ఎగిరిపోయిందట. నేను ఎక్కమన్న అంతస్తు.

మామా ఏడ్చి ఏడ్చి కళ్లు తుడుచుకుని, "ఇందాక దానికేం చెప్పావు?" అంది.

దాచలేదు. "పైకెక్కమన్నాను. వినలేదు."

"చిన్నప్పట్నుంచీ అంతే, ఎవరి మాటా వినదు. అంతా నువ్వు పెంచిన పెంపకం" అంది, అలవాటైన కోపంతో.

"అవును మామా" అన్నాను. "నేను పెంచిన పెంపకమే."