కుడిచేతి ఓనమాలు

ఆ అమ్మాయి రేపల్లె స్టేషన్లో దిగిన రోజు నేను వెళ్లింది ఆమెను చూడ్డానికి కాదు, ఆమె పెట్టె మొయ్యడానికి. చర్చి ఆవరణలో ఉన్న మా బడిలో నేను ఆయాను. గదులు ఊడవడం, కుండల్లో నీళ్లు నింపడం, చిన్నపిల్లల ముక్కులు తుడవడం నా పని. వయసు నలభై దాటింది. సంతకం పెట్టాల్సిన చోట వేలిముద్ర వేసేదాన్ని. ఎనభైలు అయిపోవస్తున్న రోజులవి. ఎక్కడో మంచు కురిసే దేశంలో టీచరు ట్రైనింగు చదువుతున్న పిల్ల వస్తోందనీ, కొన్ని నెలలు మన బడిలో పాఠాలు చెప్పి, బాగా చెప్పిందని ఇక్కడివాళ్లు ఒప్పుకుంటేనే ఆమె చదువు పూర్తవుతుందనీ హెడ్మిస్ట్రెస్ గారు చెప్పారు.

తెనాలి నుంచి వచ్చే పాసింజరు మా ఊళ్లో ఆగిపోతుంది. ఆపైన పట్టాలు లేవు. ఆ సంగతి తెలియక, బండి ఖాళీ అయిపోయినా ఆ పిల్ల కిటికీ పక్కన కూర్చునే ఉంది. నేను ఎక్కి, "దిగమ్మా, ఇంక ఇది ఎక్కడికీ పోదు" అన్నాను. లేచి నాకు దణ్ణం పెట్టింది. నాకు! అప్పటిదాకా నాకు దణ్ణం పెట్టినవాళ్లు లేరు. పెట్టెకు ఒక పక్క తను పట్టుకుంది. వద్దన్నా వదల్లేదు.

తెలుగుని తన దేశంలోనే ఒక ముసలి పాస్టరుగారి దగ్గర నేర్చుకుందట. పాత పుస్తకాల్లోని తెలుగు. "పిన్నిగారూ, మీరు భుజించితిరా?" అని అడిగేది. నవ్వాపుకోలేక చచ్చేవాళ్లం. మన వైపు ఎదురుపడ్డ ప్రతివాళ్లూ "అన్నం తిన్నావా అమ్మాయ్?" అంటారు కదా. ఊరికే పలకరింపు. ఆమె మాత్రం నిలబడిపోయి, "తింటినండి. అన్నము, దోసకాయ పప్పు, మజ్జిగ. అప్పడము విరిగినది" అని అంతా అప్పజెప్పేది. అడిగిన పాపానికి రిక్షా అతను బండి ఆపుకుని చివరిదాకా వినాల్సొచ్చేది. చీర జారిపోతుందని నడుముకి మంచానికి అల్లే నవారు బిగించుకుంది. కాకరకాయ వేపుడు తిని కళ్లనీళ్లు పెట్టుకుని, మరి కాస్త వడ్డించమంది.

అందరం నవ్వినా నాకు లోపల ఏదో భయంలాంటి ఆశ్చర్యం ఉండేది. నిండా పాతికేళ్లు లేవు. ఒక్కత్తే అన్ని సముద్రాలు దాటి వచ్చింది, ముక్కూ మొహం తెలియని పిల్లలకు చదువు చెప్పడానికి. తెనాలి పోవాలంటేనే నేను తోడు వెతుక్కునేదాన్ని.

మొదటి రోజు ఒకటో తరగతిలో బలపాలు పంచింది. పుట్టుకతో ఎడంచేతి వాటం, కాబట్టి ఎడంచేత్తోనే పంచింది. ఒక్క పిల్లా తీసుకోలేదు. ఎడంచేత్తో ఇస్తే అవమానించినట్టని, పుచ్చుకోకూడదని మన ఇళ్లలో మాటలు రాకముందే నేర్పుతాం. పిల్లలందరూ చేతులు వెనక్కి దాచుకుని బలపాల వంకే చూస్తున్నారు. కావాలి, కానీ తీసుకోవడానికి లేదు. తనంటే భయపడుతున్నారనుకుంది కాబోలు, ఆమె ఇంకా వంగి, ఇంకా నవ్వుతూ మళ్లీ అదే చెయ్యి చాపింది. ముందు వరసలో ఒక పిల్లకి ఏడుపొచ్చేసింది. నేను గుమ్మంలోంచి గబగబా వెళ్లి బలపాల డబ్బా లాక్కుని ఆమె కుడిచేతిలో పెట్టాను.

"ఈ చేత్తో ఇవ్వమ్మా. అది కడుక్కునే చెయ్యి."

నాకు చుట్టూ తిప్పి చెప్పడం రాదు. ఆ తెల్లటి మొహం కందిపోయింది. కుడిచెయ్యి చాపగానే పిల్లలు ఎగబడి తీసుకున్నారు.

అక్కడితో గొడవ తీరలేదు. బోర్డు మీద రాసేది కూడా ఎడంచేత్తోనే కదా. గుండ్రంగా, ముచ్చటగా ఉండేవి అక్షరాలు. పిల్లలకు టీచరు ఏం చేస్తే అదే చదువు. కొద్దిరోజులకే తరగతిలో సగంమంది బలపం ఎడంచేతిలోకి మార్చేశారు. ఒకడైతే ఇంటికెళ్లి అన్నం కూడా ఆ చేత్తోనే కలిపాడు. ఇంకేముంది, తల్లులు కట్టగట్టుకుని వచ్చారు.

"ఏంటండీ ఇది? చదువు చెప్పమని పంపితే చెయ్యి మార్చేత్తారా?" అంది అన్నం కలిపినవాడి తల్లి. "మా అత్తగారు వాడి ముందు నుంచి కంచం లాగేసిందండి. దొరసాని బడికి పంపావుగా, అనుభవించు అంటంది నన్ను."

"నీ కొడుకు కుడిచేత్తో మాత్రం ఏం రాసి ఊడబొడిచాడే వదినా?" అంది వెనకనుంచి పక్కింటావిడ.

"నువ్వుండవే! నీ కూతురు రేపు పెళ్లిపందిట్లో ఎడంచేత్తో తాంబూలం ఇత్తే తెలుత్తాది."

నవ్వుకున్నారు గానీ పట్టు వదల్లేదు. ఇది ఇలాగే ఉంటే పిల్లల్ని మాన్పించేస్తామని చెప్పి వెళ్లారు.

హెడ్మిస్ట్రెస్ గారు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి చెప్పేశారు. "చూడమ్మా, వచ్చే నెల తెనాలి నుంచి ఇన్స్పెక్టరు మేడంగారు నీ పాఠం చూడ్డానికి వస్తారు. ఆ రోజుకి తరగతిలో పిల్లలుండాలి. తల్లులు మాన్పించారంటే పాఠం లేదు, నువ్వు వెనక్కి వెళ్లిపోవాల్సిందే. నేను చెయ్యగలిగింది ఏం లేదు."

ఆ అమ్మాయి కాసేపు తన చేతులు రెండూ చూసుకుంది. "కుడిచేతితో వ్రాసెదను" అంది.

ఆ సాయంత్రం బడి వదిలాక నేను ఊడుస్తుంటే పలక ముందేసుకుని కూర్చుంది. కుడిచేతిలో బలపం పటుక్కున విరిగింది. ఇంకోటి తీసింది, అదీ విరిగింది. 'అ' రాస్తే సున్నా వచ్చింది. చెమటలు కారుతున్నాయి. అంత చదువుకున్న పిల్ల అక్షరం రాక పళ్లు బిగబట్టి కూర్చోవడం చూసి నా చేతిలో చీపురు కదల్లేదు.

"బలపం అవతల పెట్టు తల్లీ" అన్నాను. "మా కాలంలో పిల్లలు ఇసకలో వేలితో దిద్దేవాళ్లు. ముందు వేలు తిరగనీ."

"మీరునూ దిద్దితిరా?"

"నన్నెవరు పంపారు బడికి? మా అన్నయ్యలు దిద్దుతుంటే చూశానంతే."

తట్టతో ఇసక తెచ్చి వరండాలో పరిచాను. ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది. ముందు ఎడంచేత్తో తను రాసేది. దాన్ని చూసి ఆమె కుడిచెయ్యి దిద్దేది, నా చెయ్యీ దిద్దేది. ఆ ఎడంచెయ్యి టీచరు, మేమిద్దరం పిల్లలం. మా ఇద్దరి రాతల్లో ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి.

ఒక సెలవు రోజున బాపట్ల బస్సెక్కించి నన్ను సూర్యలంక తీసుకెళ్లింది. ఇసక మీద చెయ్యంతా చాచి పెద్దగా రాయాలట. పుట్టినప్పటినుంచీ ఇంత దగ్గర్లో ఉండి నేను సముద్రం చూడ్డం అదే మొదలు. ఆకాశం కిందికి దిగి మన కాళ్లదాకా నడిచొస్తున్నట్టుంది. ఇటు ఈ పిల్ల చీర పైకి దోపుకుని, తడి ఇసకలో మనిషంత 'క' రాసి, బాగా రాలేదని కాలితో తుడిచి, మళ్లీ రాస్తోంది. చేపలు ఆరబెట్టుకునే ఆడవాళ్లు పని మానేసి చూశారు. "ఏంటి వదినా, ఆవిడకేమన్నా పట్టిందా?" అని అడిగిందొకావిడ. "అవును, చదువు పట్టింది" అన్నాను. ఆ రోజు నేను దేనికి ఎక్కువ ఆశ్చర్యపోయానంటే ఇప్పటికీ చెప్పలేను, సముద్రానికో, ఆ పిల్లకో.

మేడంగారు రానే వచ్చారు. గదిలో పిల్లలందరూ ఉన్నారు. కిటికీల దగ్గర తల్లులు, కాపలా వచ్చినట్టు. నేను గుమ్మంలో నించున్నాను. ఆ అమ్మాయి బోర్డు దగ్గరికెళ్లి సుద్దముక్క కుడిచేత్తో పట్టుకుంది.

చెయ్యి కదలడం లేదనిపించేంత నెమ్మది. గీత ఒకటి కిందికి దిగింది, ఆగింది, వంపు తిరిగింది. ఎప్పుడూ గోల చేసే గది చప్పుడు లేకుండా అయిపోయింది. ఏం రాస్తోందో తెలుసుకోవాలని పిల్లలు మెడలు సాచారు. అక్షరం పూర్తి కాకముందే ఒక పిల్ల "ప!" అని అరిచింది. ఆమె తలూపి రెండోది మొదలెట్టింది. ఈసారి సగం గీతకే నలుగురైదుగురు "డ, డ!" అన్నారు. మూడోదానికి చెయ్యి ఎత్తిందో లేదో గదంతా ఊపిరి బిగబట్టింది. కిటికీలో పక్కింటావిడ కూడా పెదాలు కదుపుతోంది.

"పడవ!"

ఆ గొంతుల్లో అందరికంటే పెద్దది నాదే. నోరు నా ప్రమేయం లేకుండా తెరుచుకుంది. హెడ్మిస్ట్రెస్ గారు నా వంక గుడ్లురిమి చూశారు. నేను లక్ష్యపెట్టలేదు. మా రేవులో పుట్టినప్పటినుంచీ చూసిన పడవ, ఆ నల్ల బోర్డు మీద తెల్లగా నిలబడి ఉంది. నేను చదివాను.

మేడంగారు లేచి అడిగారు. "అంత నెమ్మదిగా ఎందుకు రాశావమ్మా? పిల్లలు ముందే అందుకోవాలనా?"

ఆ అమ్మాయి అబద్ధం ఆడలేదు. "లేదండి. నా కుడిచెయ్యి ఇంకనూ ఒకటవ తరగతి చదువుచున్నది."

మేడంగారు పకపకా నవ్వారు. హెడ్మిస్ట్రెస్ గారి వైపు తిరిగి, "గడువు పూర్తయ్యేదాకా ఇక్కడే ఉంచండి" అన్నారు. "మనం గబగబా రాసి పడేస్తే పిల్లలు చూసి పలక మీదికి ఎక్కించుకుంటారంతే. ఈమె రాస్తుంటే చదువుతున్నారు." ఆ అమ్మాయి భుజం తట్టి, "చెయ్యి వేగం పెరగనివ్వకు తల్లీ" అని మళ్లీ వెళ్లి వెనక కూర్చున్నారు.

కిటికీ దగ్గర అన్నం కలిపినవాడి తల్లి ముక్కు మీద వేలేసుకుంది. "మావోడు చదివాడే!" అంది. వాడు వెనక్కి తిరిగి, "నువ్వు పో అమ్మా, పాఠం అవుతంది" అని కసిరాడు. పోలేదు. ఇంకా లోపలికి తల దూర్చింది.

ఆ అమ్మాయి బోర్డు తుడిచింది. పిల్లలు సర్దుకుని కూర్చున్నారు. సుద్దముక్క మళ్లీ బోర్డుకి ఆనింది. ఆ గీత ఎటు తిరుగుతుందా అని నేను రెప్ప వెయ్యకుండా చూస్తున్నాను.