ఒకటి, రెండు, స్తోత్రం

"అక్కా, మీ అత్తమ్మ లేస్తలేదు, జల్ది రా" అని పక్కింటామె ఫోన్ చేసినప్పుడు నేను అంగన్‌వాడీలో పిల్లలకు అన్నం వడ్డిస్తున్నాను. గరిట ఆయమ్మ చేతికిచ్చి వచ్చేశాను. ఇంటికి చేరేసరికి అత్తమ్మ గోడకు ఆనుకుని, చాయ్ తాగిన సాసరు ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉంది. పెరుగు తోడుకు వచ్చిన పక్కింటామె చూడబట్టి తెలిసింది. మంచం మీద మా ఆయన తల అటే తిప్పి ఉన్నాడు. తల్లిని అలా ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో, ఎవరినీ పిలవలేక.

సంఘం వాళ్లు వాకిట్లో కట్టిన ఫ్లెక్సీ మీద 'ప్రభువునందు నిద్రించినారు' అని రాయించారు. అందరికీ రాసే మాటే అది. కానీ మా అత్తమ్మ విషయంలో అంతకంటే నిజం లేదు. ఆరేళ్లుగా ఆమె కంటినిండా నిద్రపోయింది లేదు. పోతే గీతే ఆదివారం గుడిలోనే, వెనక వరసలో, ప్రసంగం మొదలైన కాసేపటికి. నేను మోచేత్తో పొడిస్తే, "అయ్యగారి మాట ఇంటే పాణం సల్లవడ్తది బిడ్డా, గందుకే నిద్రొస్తది" అనేది.

మాది చెన్నూరు. మా ఆయన బొగ్గు లారీ నడిపేవాడు. ఆరేళ్ల క్రితం ఒక పొద్దున ముఖం కడుక్కుంటూ కూలబడ్డాడు. మంచిర్యాలలో చూపించాం, కరీంనగర్ తీసుకెళ్లాం. ప్రాణం దక్కింది. కుడిపక్క, మాట పోయాయి. అప్పటి నుంచి ఆయన్ని లేపడం, కూర్చోబెట్టడం, పక్క మార్చడం మా ఇద్దరి పని.

మనిషి బరువు ఏమిటో పడిపోయినవాడిని లేపితే తెలుస్తుంది. పాత చద్దరు ఆయన నడుము కింద పరిచి, చెరో అంచు పట్టుకుని గుంజేవాళ్లం. మొదట్లో అదీ చాతకాలేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్క పెట్టేదాన్ని. నేను మూడు అంటూనే గుంజేదాన్ని, ఆమె మూడు అన్నాక గుంజేది. ఆయన పాపం ఒక పక్కకు దొర్లేవాడు. తప్పు నీదంటే నీదని వాదులాడుకున్నాం. చివరికి ఆమే తేల్చింది.

"మూడొద్దు తియ్యి. ఒకటి, రెండు నువ్వను. స్తోత్రం నేనంట. స్తోత్రం అన్నప్పుడు ఇద్దరం గుంజుదాం."

అంతే, కుదిరిపోయింది. మంచం పట్టెకు మోకాలు ఆనించి, గొంతంతా పెట్టి అరిచేది. మేం రోజుకు ఐదారుసార్లు ప్రార్థన చేస్తున్నామని పక్కింటామె చాలాకాలం అనుకుంది. చేసేవాళ్లమేమో కూడా.

నిజం చెప్పాలంటే నాకు అప్పటికి ప్రార్థన నోట రావడం మానేసింది. నేను సిరిసిల్ల మగ్గాల ఇంటి పిల్లను, ప్రభువు నాకు పెళ్లితో వచ్చాడు. మంచి రోజుల్లో పాటలు పాడాను, ఉపవాసాలున్నాను. మా ఆయన మంచాన పడ్డాక లోపల ఏదో ఎండిపోయింది. పొద్దున్నే అత్తమ్మ పొయ్యి ముందు నిలబడి "ఓపికియ్యి ప్రభువా, ఓపికియ్యి" అంటుంటే ఒళ్లు మండేది. రెండేళ్లు విని, ఒకరోజు పట్టలేక అడిగేశాను. "నీ కొడుక్కు నయం చెయ్యమని అడగవేంది అత్తమ్మా? ఇంకెన్నేండ్లు ఓపిక పట్టాలె మనం?"

ఆమె నా వైపు వింతగా చూసింది. తర్వాత నవ్వింది.

"ఓపికంటే ఓర్సుకునుడు అనుకున్నవా పిచ్చిదానా? రెక్కల్ల బలం బిడ్డా. పొద్దుగాల లేస్తే నడుము లేస్తలేదు నాకు. నా కొడుకును లేపి కూసోవెట్టేంత ఓపికియ్యిమంటున్న. గా పూటకు గంతే. నయం జేసుడు ప్రభువు పని, యాది జేసుడు నాకెందుకు?"

రెండేళ్లు ఒకే ఇంట్లో ఒకే మాట విని, నేను తప్పుగా అర్థం చేసుకున్నాను. ఆమె సర్దుకుపోవడానికి కాదు, పని చేయడానికి అడుగుతోంది. ఆ పొద్దు నాకు సిగ్గేసింది, ఏడుపు కూడా వచ్చింది. అలాంటి ప్రార్థనైతే నేనూ చేయగలననిపించింది. మరునాటి నుంచి చేశాను కూడా, పళ్లు తోముకుంటూ, బస్సు కోసం నిలబడి. కొన్నిసార్లు ఓపిక వచ్చేది, కొన్నిసార్లు వచ్చేది కాదు. రానినాడు ఆమె నాకంటే ఎక్కువ గుంజేది.

ఒకసారి ఎక్కడి నుంచో ఒక బోధకుడు వచ్చాడు. మంచం పక్కన నిలబడి, ఈ ఇంట్లో విశ్వాసం తక్కువైంది కాబట్టే స్వస్థత రావడం లేదన్నాడు. అత్తమ్మ చద్దరు సరిచేస్తూ, "అన్నా, జర గా కాళ్లు పట్టుకో, పక్క మార్సాలె. ఇశ్వాసం సంగతి తర్వాత సూద్దాం" అంది. అతను పట్టుకున్నాడు. పని అయ్యాక చాయ్ తాగి, ఇంకేమీ అనకుండా వెళ్లాడు.

అలాగని ఆమెకు దుఃఖం లేదని కాదు. పెరట్లో బట్టలు పిండుతూ ఏడ్చేది, నేను చూస్తే చీర చెంగు తడిసిందనేది. మరీ అలసిపోయిననాడు గోదావరి గురించి చెప్పేది. "ఎండకాలం సూడు, ఒడ్డు నుంచి ఒడ్డుకు ఇసుకే. నీళ్లు లేవని ఎవలన్న కుండ వలగ్గొట్టుకున్నరా? చెలిమె తోడుకున్నరు." చిన్నప్పుడు ఇసుకలో గుంట తీసి, ఊరే నీళ్లను దోసిలితో కుండలో పోసుకున్న మనిషి ఆమె. ప్రసంగంలో విన్న మాట కాదది.

సమాధి కార్యక్రమం అయింది. ప్రార్థన కూడిక అయింది. బంధువులు మూడోరోజు వెళ్లిపోయారు. పక్కింటామె సాయంత్రాలు వచ్చి చెయ్యి వేస్తోంది. పొద్దున మాత్రం నేనొక్కదాన్నే. చాలా అలసిపోయాను, దాచడం దేనికి? ఆమె లేని ఇల్లు ఎలా నెట్టుకొస్తానో నాకు తెలియదు.

నిన్న పొద్దున చద్దరు అంచు పట్టుకుని, అలవాటుగా "ఒకటి, రెండు" అనేశాను. అని ఆగిపోయాను. అటుపక్క ఎవరూ లేరు. ఆమె పిడికిట్లో నలిగి పోగులు లేచిన అంచు మంచం మీద పడి ఉంది. ఆరేళ్లలో ఆ రెండు తర్వాత ఖాళీ రావడం అదే మొదలు.

"స్తో..."

మా ఆయన గొంతే. మిగతాది రాలేదు. కానీ బాగున్న ఎడమచెయ్యి తడుముకుంటూ వెళ్లి మంచం పట్టెను పట్టుకుంది, సరిగ్గా ఆమె మోకాలు ఆనించే చోట. నేను గుంజాను. ఆయనా గుంజాడు. లేచి కూర్చున్నాక కూడా చాలాసేపు ఆయన ఆ పట్టెను వదల్లేదు.