గూడబాతుల మధ్య జపాను వీరుడు

కాఫీ చల్లారితే చల్లారింది, ముందిది వినండి. నేను చూడని సినిమాకి నేనిచ్చిన అభిప్రాయం నమ్మి, ఊరు ఊరంతా ఏలూరు వెళ్ళొచ్చింది!

ఏలూరు హాల్లో జపాను బొమ్మ వచ్చిందని మా ఆవిడ రూతమ్మకి తెలిసింది. మా చర్చి ఆడవాళ్ళెవరూ బయస్కోపు ఎరగరు. అందరూ కలిసి పాస్టరుగారిని అడిగారు. ఆయన నాకు కబురంపి, "మాస్టారూ, మీరు ముందెళ్ళి చూసి రండి. హత్యలుంటే మాత్రం ఇక ఎప్పటికీ బయస్కోపు మాటెత్తకూడదండీ" అన్నారు. రూతమ్మ నాకేసి చూసిన చూపు ఏం చెప్పను!

కోడికూతకి పడవెక్కాను. కొల్లేటి మీద మంచు, తుంగ మధ్య తెల్లగా, సంచి ముక్కుల గూడబాతులు. ఆ ఊపు ఒంట్లో అలాగే ఉండిపోయిందండీ. హాల్లో కూర్చున్నా కుర్చీ మెల్లగా ఊగుతూనే ఉంది.

బొమ్మ మొదలైంది. సమురాయిలట, పూర్వం జపాను ప్రభువుల కొలువులో కత్తి పట్టినవాళ్ళు. ఏం మర్యాదండీ బాబూ! కత్తి దూసేముందు కూడా ఒంగి దండం పెడతారు. అచ్చం మన వైపు వాళ్ళే! తర్వాత వీరుడు మంచులో దోనె ఎక్కాడు. చుట్టూ తుంగ. కత్తిని మెల్లగా నీళ్ళల్లోకి వదిలేశాడు. అలలు గుండ్రంగా పాకుతూ పోయాయి. గూడబాతులు లేచాయి. నాకు గుండె నిండిపోయింది. దీపాలు వెలిగాయి.

జపానులో గూడబాతులేమిట్రా అని అప్పుడైనా అనుమానం రావొద్దూ!

ఆదివారం ఆరాధన అయ్యాక ఇదంతా చెప్పాను. పాస్టరుగారు కళ్ళు మూసుకుని విన్నారు. "మంచి నీతి ఉందండీ. నేనూ వస్తాను" అన్నారు.

అంతా పడవలో వెళ్ళాం. హాల్లో ఆడవాళ్ళు ముందు, పాస్టరుగారూ నేనూ వెనక. రూతమ్మ రెప్ప వెయ్యలేదు. దండాలయ్యాయి. ఇక దోనె రావాలి. రాలేదు! కోట గుమ్మం దగ్గర వీరుడు ఒకణ్ణి నరికాడు. ఇంకొకణ్ణి నరికాడు. గుట్టలుగా పోశాడు. చివరికి తనూ పడ్డాడు. అయిపోయింది, రూతమ్మకి ఇదే మొదటి సినిమా, ఇదే ఆఖరు! భయంభయంగా పాస్టరుగారి వైపు తిరిగాను.

గడ్డం గుండెల మీద ఆనించి, హాయిగా గురక పెడుతున్నారు!

దీపాలు వెలిగాక కళ్ళు తుడుచుకున్నారు. "కత్తి నీళ్ళల్లో వదిలేశాడే, అక్కడ నాకు ఏడుపొచ్చిందండీ. ఇలాంటివి నెలకోటి చూసినా తప్పులేదు" అన్నారు. ఆడవాళ్ళంతా పైట కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నెలకోటన్న మాట ఎవరు చెడగొట్టుకుంటారు!

తిరుగు పడవలో రూతమ్మ నా పక్కకి జరిగింది. "ఏవండీ, చచ్చిపోయినవాణ్ణి చూసి మేం ఏడ్చాం. మరి దోనెవాడెవరండీ?"

దాచలేక, ఆరోజు హాల్లో నాకూ కునుకు పట్టిందని ఒప్పుకుని నా కలంతా మళ్ళీ చెప్పాను. నీళ్ళమీద ఎర్రటి ఎండ. తను చెయ్యి నీళ్ళల్లో ఉంచి చివరిదాకా విన్నది.

"మీదే బాగుందండీ" అంది. "ఈసారి మేమెళ్ళి చూసొస్తాం. మీరు ఇంట్లో పడుకుని చూడండి."