దాజీ పేట్‌లో బిగిసిన బ్రీదర్ గొట్టం

1988 వేసవిలో షోలాపూర్ హోట్గి రోడ్‌లోని ఒక లారీ వర్క్‌షాపులో అసిస్టెంట్ ఫోర్‌మన్‌గా చేరాను. మెకానిక్‌కు పైన, ఫోర్‌మన్‌కు కింద ఉండే హోదా అది. తీర్పు ఫోర్‌మన్‌ది, మరకలు మనవి.

ఒక ఉదయం దాజీ పేట్ నుంచి నర్సయ్య వచ్చాడు. మగ్గాలు అమ్మి పాత డీజిల్ లారీ కొన్న నేతగాడు. చాదర్ల మూటలు హైదరాబాద్‌కు తోలుతాడు. ఇంజన్ వెనక సీల్ నుంచి ఆయిల్ కారి క్లచ్ జారుతోంది, బండి గల్లీ దాటి రాలేదు. ఫోర్‌మన్, నేను పనిముట్లు పట్టుకుని అక్కడికే వెళ్లాం.

గల్లీ పొడవునా మగ్గానికెక్కే పడుగు దారాలు సాగదీసి నూలుకు గంజి పట్టిస్తున్నారు. ఆ పక్కనే లారీ. ఫోర్‌మన్ ఇంజన్ స్టార్ట్ చేయించి, ఆయిల్ పోసే మూత తీశాడు. పొగ గుప్పున కొట్టింది. పిస్టన్ రింగులు అరిగితే మండిన వాయువులు కింద క్రాంక్‌కేస్‌లోకి దిగి ఇలాగే పైకి తంతాయి. ఇంజన్ దించి, అరిగిన సిలిండర్లకు బోరింగ్ చేయాలని మరమ్మతుల జాబ్ కార్డు మీద రాసేశాడాయన.

నర్సయ్య ఇంటి మెట్టు మీద కూలబడ్డాడు. "ఇంజన్ దించుడంటే బండి అమ్ముడే సార్. మగ్గాలు పాయె, ఇగ ఇది గూడ పాయె."

అతనికి జవాబు ఇంజనే చెబుతోంది, అదీ పొగతో.

రింగులు బాగున్నా కొంత వాయువు కిందికి దిగుతూనే ఉంటుంది. అది బయటికి పోయేందుకు ఇంజన్ పక్కనుంచి నేల వైపు ఒక గొట్టం ఉంటుంది. దాన్ని బ్రీదర్ అంటాం. వాయువుతో పాటు కాస్త నల్ల ఆయిల్ కూడా చుక్కలుగా రాలుతుంది. దాన్ని చూడందే జాబ్ కార్డు పూర్తి చేయకూడదు కనుక లారీ కిందికి దూరాను. గొట్టం నోట్లో వేస్టు నూలు కుక్కి, పైన చాదర్ ముక్క చుట్టి, దారంతో బిగించి ఉంది. నేతవాళ్ల ముడి; కోస్తే గాని రాలేదు.

"ఇదెవ్వలు కట్టిండ్రు?" అన్నాడు నర్సయ్య.

"నేనే," అంది అతని తల్లి లచ్చవ్వ, గంజి చేతులతోనే. "నీ బండి పడుగు మీద నల్ల చుక్కలేస్తది. పొద్దుగాల లేస్తే గల్లీవాళ్లతోని భాండణ్, ఒకటే లొల్లి. నువ్వు బండెక్కి పోతవ్, తిట్లు నాకు."

"అది గాలి పోయే తొవ్వ అవ్వా," అన్నాను.

"గాలిని నేనేడ ఆపిన? నూనెనే ఆపిన."

ఇంజన్‌కు ఆ తేడా తెలియదని మనవి చేశాను.

దారి లేని వాయువు లోపల ఒత్తిడి పెంచి, సీల్ పక్కనుంచి ఆయిల్‌ను బయటికి నెట్టింది. గొట్టం శుభ్రం చేసి మళ్లీ స్టార్ట్ చేయించాం. మూత దగ్గర పొగ పలచబడి, బీడీ పొగంత మిగిలింది. ఫోర్‌మన్ చాలాసేపు చూసి, బోరింగ్ మాటను జాబ్ కార్డు మీద కొట్టేశాడు. గేర్‌బాక్స్ ఒక్కటే దించి వెనక సీల్, క్లచ్ ప్లేటు మార్చాం. బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తొడిగి, ఎక్కడా మెలిక పడకుండా మురుగు మోరీ వైపు వంచాం. నర్సయ్య మళ్లీ హైదరాబాద్ మూటలు ఎక్కించుకున్నాడు.

రింగుల మీద తీర్పు చెప్పే ముందు బ్రీదర్ చూడాలని మా మాన్యువల్‌లోనే ఉంది. ఆ బండి ఇంటి దగ్గర ఎక్కడ నిలుస్తుంది, దాని చుక్కలు ఎవరి సరుకు మీద పడతాయి అన్నదానికి జాబ్ కార్డులో గడి లేదు. రిటైరయ్యేదాకా ప్రతి బండి యజమానినీ ఆ రెండూ నోటితోనే అడిగాను.