బానెట్ కింద భోజనం

మా అక్క వెర్నా ముప్పయ్యేళ్లు బడి బస్సు నడిపింది. అదే దారి, అవే మలుపులు, వెనక పిల్లల గోల. రిటైరయ్యాక ఆమెకు ఒకటే కోరిక పట్టుకుంది. నెవాడా ఎడారిలో ఒక్కతే, ఎవరినీ ఎక్కించుకోకుండా, బుద్ధి పుట్టిన చోట ఆగుతూ పోవాలని.

కొడుకు డ్వెయిన్ ససేమిరా అన్నాడు. డెబ్బై దాటిన మనిషి, ఫోను పలకని దారులు. చివరికి ఒక షరతు మీద దిగొచ్చాడు. దారిలో ఎక్కడైనా బండి మొరాయిస్తే తాళాలు తనకిచ్చేయాలి, మళ్లీ అడగకూడదు. అక్క సరేనంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ముక్కు తుడిచి పెంచిన తల్లికి వీడా షరతులు పెట్టేది?

మర్నాడు పొద్దున్నే అక్క తన పికప్ ట్రక్కులో బయల్దేరింది. మధ్యాహ్నానికి డ్వెయిన్‌కు ఫోనొచ్చింది. చేసింది ఆ దారిలో గొర్రెలు పెంచే ఎచెవెరి. "మీ అమ్మ పికప్ ఉప్పు మైదానం పక్కన ఆగుంది. బానెట్ ఎత్తి ఉంది, మనిషి కనబళ్లేదు. గుట్టెక్కితే సిగ్నల్ దొరికింది. నేనిక్కడే ఉంటా, మీరు రండి."

మా వైపు బానెట్ ఎత్తిన బండిని చూసి కూడా ఆగకుండా పోయేవాణ్ని ఎవరూ మనిషిగా లెక్కెయ్యరు. నేనూ డ్వెయిన్ పక్కన ఎక్కాను.

"నే చెప్పలా పిన్నీ?"

"నోర్మూసుకుని రోడ్డు చూడు" అన్నాను. 

వెళ్లేసరికి అక్క మడతకుర్చీలో కూర్చుని తింటోంది. పక్కన ఎచెవెరి, అతని నోటి నిండా బరీటో, అదే చిక్కుడుగింజల కూర చుట్టిన రొట్టె.

"మీరూ వచ్చారా? ఇంకొకటే ఉంది, పంచుకోండి" అంది అక్క.

పొద్దున బరీటోలను ఫాయిల్లో చుట్టి ఇంజన్ మీద పెడితే, మధ్యాహ్నానికి వేడెక్కుతాయి. వాటిని తీయడానికే బానెట్ ఎత్తింది. "ఒంటికెళ్దామని పొదల చాటుకి పోయాను. ఆలోపే ఈయన గుట్టెక్కి ఊరంతా చాటేశాడు."

ఎచెవెరి తల దించుకుని నమిలాడు.

డ్వెయిన్ నమ్మలేదు. తాళం తిప్పి చూశాడు. ఇంజన్ ఒక్కసారికే అందుకుంది. ఆపి, తాళాలు గుప్పిట్లో పట్టుకుని దిగాడు. ఇస్తాడో ఇవ్వడో తెలియక అందరం ఆ గుప్పిటకేసే చూస్తున్నాం.

"రాత్రికి ఎక్కడ పడుకుంటావ్?"

"ఇంకా తెలీదురా" అంది అక్క, నవ్వుతూ.

ముప్పయ్యేళ్లు నిమిషం ఆలస్యమైతే తల్లులందరికీ జవాబు చెప్పుకున్న మనిషి. ఆ మాట వినగానే నాకు కళ్లు చెమర్చాయి.

డ్వెయిన్ తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. మా బండిలోని నీళ్ల డబ్బాలు తెచ్చి ఆమె బండిలోకి ఎక్కించాడు.

అక్క మా ఊరివైపు కాకుండా అవతలికి తిప్పింది. దుమ్ము కనబడినంతసేపూ వాడు అక్కడే నిలబడ్డాడు.

"అమ్మ అలా నవ్వగా నేనెప్పుడూ చూళ్లేదు పిన్నీ" అన్నాడు.