రైతు బిడ్డనని రాయించుకున్న ఏడాది

ఇంటర్ రెండో సంవత్సరమంతా మా అమ్మా నేనూ ఒకే కప్పు కింద ఉండి పగవాళ్లలాగా బతికాం. నేను తిని లేచేదాకా ఆమె వంటింట్లోకి వచ్చేది కాదు. ఆమె డ్యూటీ నుంచి వచ్చే వేళకు నేను పుస్తకాలు తీసుకుని బయట అరుగు మీదికి పోయేదాన్ని. మాట్లాడక తప్పకపోతే మొహాలు చూసుకోకుండా మాట్లాడుకునేవాళ్లం. "నీళ్లొస్తున్నయి" అని ఆమె గోడకు చెప్పేది. "పట్టిన" అని నేను బిందెకు చెప్పేదాన్ని.

అమ్మ జహీరాబాద్ సర్కారు దవాఖానలో నర్సు. దవాఖాన వెనక ఉన్న క్వార్టర్లలో ఒకటి మాది. తెల్లచీర, బిగించి చుట్టిన ముడి, ఎవరు ఎంత అరిచినా పెరగని గొంతు. ఆమెకు భయపడని వాళ్లు ఊళ్లో తక్కువ. కాన్పుకు వచ్చిన ఆడవాళ్ల మొగుళ్లు తాగి వస్తే మెట్ల మీదే నిలబెట్టి, మత్తు దిగినంక రమ్మనేది. డాక్టరు కూడా ఆమెతో మాట పడేవాడు గాని, ఆమెను మాట అనేవాడు కాదు.

నాకు నాలుగేళ్లప్పుడు ఆమె నన్ను చంకనేసుకుని నాయిన ఇంట్లోంచి బయటికి వచ్చింది. న్యాల్‌కల్ దాటి ఇంకొంత దూరం పోతే, కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో ఉంటుంది ఆ ఊరు. నల్లరేగడి భూములు. జొన్న, శనగ, కుసుమ పండిస్తారు. నాయిన ఇంకొక ఆమెను ఇంటికి తెచ్చుకున్నాడు. అమ్మ పంచాయితీ పెట్టలేదు, ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. పెళ్లికి ముందే నర్సు ట్రైనింగు చేసి ఉండటంతో ఉద్యోగం వెతుక్కుని జహీరాబాద్ వచ్చేసింది. ఆ తర్వాత ఆ మనిషి ప్రస్తావన మా ఇంట్లో లేదు.

అందుకే నా చదువు విషయంలో ఆమె మనసులో రెండో ఆలోచన ఉండేది కాదు. నేను కూడా నర్సునే కావాలి.

"ఈ పని నేర్చిన ఆడిదాన్ని ఎవ్వడు రోడ్డు మీద పడెయ్యలేడు," అనేది.

"నాకు రక్తం చూస్తే కండ్లు తిరుగుతయి."

"అలవాటైతది."

"నాకు వద్దు."

"నిన్ను అడుగుతలేను. చెప్తున్న."

నిజానికి అప్పటిదాకా నాకు ఏం కావాలో నాకూ తెలియదు. నర్సు వద్దన్నది ఒక్కటే తెలుసు. ఆ చలికాలంలో మా బాటనీ సారు క్లాసు మొత్తాన్ని ఊరవతల ఒక శనగ చేనుకు తీసుకుపోయాడు. చేను అక్కడక్కడా పచ్చగా, అక్కడక్కడా వాడిపోయి ఉంది. ఆ చేను మనిషి గట్టు మీద కూర్చుని, ఎవరి కండ్లో పడ్డాయని తిడుతున్నాడు. సారు వాడిన మొక్కనొకదాన్ని పీకి, బ్లేడుతో కాండాన్ని నిలువునా చీల్చి చూపించాడు. లోపల, వేరు నుంచి పైదాకా, సన్నని నల్లటి గీత ఉంది. "తెగులు భూమిలో ఉంది. వేరులోంచి ఎక్కింది. ఆకు వాడేదాకా బయటికి తెలియదు," అన్నాడు. నేను బ్లేడు తీసుకుని ఇంకో మొక్కను చీల్చాను. తర్వాత ఇంకొకటి. పచ్చగా ఉన్నదాన్ని కూడా చీల్చి చూశాను. అందులోనూ కింద, వేరు దగ్గర, గీత మొదలై ఉంది. తోటి పిల్లలు పచ్చి శనగకాయలు తెంపుకుని తింటున్నారు. రక్తం చూస్తే కండ్లు తిరిగే నేను ఆ చేనులోంచి లేవలేకపోయాను.

ఆ చదువు ఎక్కడ చెప్తారని మర్నాడు సారును అడిగాను. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ డిగ్రీ ఉందని, రైతుల పిల్లలకు కొన్ని సీట్లు విడిగా ఉంచుతారని చెప్పాడు. "నీకు వచ్చే మార్కులకు మామూలుగా అయితే కష్టం. రైతు బిడ్డవైతే ఆశ ఉంది. మీ నాన్నగారికి భూమి ఉందా?"

"ఉంది సార్," అన్నాను. ఆలోచించేలోపే నోట్లోంచి వచ్చేసింది.

"అయితే ఊరి భూముల లెక్క రాసే పట్వారీ దగ్గర రైతు బిడ్డవని రాయించుకుని, తహసీలు ఆఫీసులో ముద్ర వేయించుకురా."

అమ్మకు చెప్పాను. ఆమె అప్పుడు బియ్యం ఏరుతోంది. చేతిలో చాట ఆగలేదు.

"వాని గడప తొక్కితె మల్ల నా గడప తొక్కకు," అన్నది. అంతే. ఇంకో మాట లేదు.

తర్వాత వారంలోనే నర్సింగు స్కూలు ఫారం తెచ్చింది. నా పేరు, పుట్టిన తేదీ, చదువు అన్నీ తనే నింపింది. నా సంతకం కోసం ఒక్క చోటు వదిలి బల్ల మీద పెట్టి, పక్కన పెన్ను పెట్టింది. నేను ముట్టుకోలేదు. ఆమె తియ్యలేదు. దాని పక్కనే అన్నం తిన్నాం, దాని పక్కనే నేను పరీక్షలకు చదివాను. ఒకరోజు దాని మీద చాయ్ గ్లాసు పెట్టాను కావాలని. ఆమె గ్లాసు తీసి, తడి తుడిచి, మళ్లీ అక్కడే పెట్టింది.

పరీక్షలకు ముందు సెలవులిచ్చిన రోజుల్లో, అమ్మ పొద్దున డ్యూటీకి పోగానే, న్యాల్‌కల్ బస్సెక్కాను. అక్కడి నుంచి అడిగి తెలుసుకుంటూ నడిచాను.

నాయిన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేననుకున్నంత పొడుగు మనిషి కాదు. "ఎవరి బిడ్డవమ్మా?" అని అడిగాడు. అమ్మ పేరు చెప్పాను. నా మొహం చాలాసేపు చూశాడు. లోపల్నుంచి ఆయన భార్య చెంబుతో నీళ్లు తెచ్చి, నా చేతికివ్వకుండా నేల మీద పెట్టి, గడపలోనే నిలబడింది.

వచ్చిన పని చెప్పాను. ఆయన నవ్వాడు.

"ఇన్నేండ్లు నాయిన యాదికి రాలె. ఇప్పుడు నాయిన భూమి యాదికొచ్చిందా?"

"భూమి అడుగుతలేను. ఉన్నదని చెప్తె చాలు."

"ఎందుకు చెప్ప? చెప్త. మీ అమ్మను రమ్మను. ఈ వాకిట్ల నిలబడి అడగమను."

"ఆమె రాదు."

"రాకుంటె నువ్వు రైతు బిడ్డవు కాదు. నర్సు బిడ్డవు. పోయి ఆ చదువే చదువుకో."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోని ఆ ఇద్దరూ నా విషయానికి వచ్చేసరికి ఒక్క మాట మీద ఉన్నారు. నీళ్లు ముట్టకుండా లేచి పట్వారీ ఇంటికి పోయాను. ఆయన నెమ్మదస్తుడే. "మీ నాయిన వచ్చి ఈమె నా బిడ్డ అంటె జర సేపట్ల రాసిస్త బిడ్డా. ఆయన అనకుంటె నేనెట్ల రాయాలె?" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ నాకంటే ముందే వచ్చి ఉంది. నా మొహం చూడలేదు, కాళ్లు చూసింది. చెప్పులకూ లంగా అంచుకూ నల్లమట్టి. మా దిక్కు అంతా ఎర్రమట్టి.

లేచి వచ్చి చెంప మీద కొట్టింది. నేను పక్కకు జరగలేదు.

"చెయ్యి చాపినవు. ఎవని ముంగట చాపొద్దని నిన్ను మోసుకొచ్చిన్నో, వాని ముంగటనే పోయి చాపినవు."

"ఆయన ఇయ్యనన్నడు," అన్నాను. "నువ్వొచ్చి ఆయన వాకిట్ల నిలబడి అడగాల్నట. అప్పుడిస్తడట. నువ్వు రావని ఆయనకు తెలుసు. ఇద్దరికి కావాల్సింది అదే కదా, నేను ఆ చదువు చదవొద్దు."

ఆమె మొహం తెల్లబడింది. ఇంకోసారి కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. లోపలికి పోయి తలుపేసుకుంది.

ఆ ఆదివారం ఆమె ఎప్పుడూ పోయే చర్చికి పోలేదు. డ్యూటీ లేకపోయినా డ్యూటీ చీర కట్టుకుంది. వాచీ పెట్టుకుంది. "నడువ్," అన్నది. ఎక్కడికని అడగలేదు నేను. బస్సులో నాకు దూరంగా, వేరే సీట్లో కూర్చుంది.

ఊళ్లోకి అడుగుపెట్టిన దగ్గర్నుంచి జనం వెంటపడ్డారు. ఆ ఊరి ఆడవాళ్లలో చాలామంది మా దవాఖానలోనే కాన్పయినవాళ్లు. "నర్సమ్మొచ్చింది, నర్సమ్మొచ్చింది" అని ఒకరినొకరు పిలుచుకుంటూ వచ్చారు. అమ్మ ఎవరినీ పలకరించలేదు. నేరుగా పోయి ఆ వాకిలి మధ్యలో నిలబడింది. నన్ను పక్కన నిలబెట్టుకుంది. భుజం మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

నాయిన మంచం మీద నుంచి లేవలేదు. మొహం నిండా నవ్వు.

"వచ్చినవా? మంచిది. అడుగు."

"అడగనీకెనె వచ్చిన," అన్నది అమ్మ. గొంతు పెంచలేదు. గోడవతల నిలబడ్డవాళ్లకు కూడా వినబడింది. "ఒక్కటే అడుగుత. ఈ పిల్ల నీకు పుట్టిందా, లేదా?"

నాయిన నవ్వు ఆగిపోయింది.

"అదేం మాట?"

"సీదా మాట. లేదంటె ఇంతమందిల లేదని చెప్పు. ఇప్పుడే పోతం, మల్ల ఈ దిక్కు రాము. నీకు పుట్టిందంటె లేచి పట్వారీ కాడికి నడువ్. నీ భూమిల పిడికెడు మన్ను వద్దు నాకు. నా బిడ్డకూ వద్దు."

నాయిన జనం దిక్కు చూశాడు. ఆయన తరఫున ఎవరూ నోరు విప్పలేదు. చివరికి మాట్లాడింది గడపలో నిలబడ్డ ఆయన భార్య. "ఏం చూస్తున్నవు? రాసిచ్చి పంపరాదు! పొద్దు పొద్దున ఈమె నా వాకిట్ల నిలబడుడేంది?" అని ఆయన మీద కస్సుమన్నది.

నాయిన నేల చూస్తూ "నా బిడ్డనే" అన్నాడు. నన్ను కాదన్నా బాగుండునని ఆ క్షణంలో అనిపించింది నాకు. అంత చేదుగా పలికాడు ఆ మాట.

పట్వారీ రాస్తున్నంతసేపూ ముగ్గురం మూడు దిక్కులు చూస్తూ నిలబడ్డాం. నాయిన సంతకం పెట్టి, మాతో మాట్లాడకుండా పోయాడు. ఆయన మళ్లీ ఎన్నడూ నన్ను చూడటానికి రాలేదు. నేనూ పోలేదు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు "అమ్మా" అన్నాను. ఏదో మంచి మాట అందామనే.

"నీ కోసం రాలె నేను," అన్నది వెంటనే. "వాడు రమ్మన్నడు, వచ్చిన. నేను రానని వాడు అనుకోవద్దు. ఇంటికి పోయినంక ఆ నర్సు ఫారం మీద సంతకం పెట్టు."

పెట్టాను. రెండు చోట్లకూ పంపాం.

నర్సింగు స్కూలు నుంచే ముందు పిలుపు వచ్చింది. అమ్మ అప్పటికే నా బట్టలు మడతపెట్టి పెట్టెలో సర్దింది. నేను పోనన్నాను. ఆ వారం మా ఇంట్లో జరిగిన గొడవకు పక్క క్వార్టరు కంపౌండరు వచ్చి తలుపు కొట్టాడు. "చేతికొచ్చిన దాన్ని కాలితోటి తంతున్నవు. రేపు ఆ సీటు రాకుంటె నిన్ను ఇంట్ల కూసోవెట్టి మేపుతననుకోకు," అన్నది అమ్మ. "మేపకు, కూలికి పోత," అన్నాను. చేరవలసిన గడువు దాటిపోయింది. పెట్టెలోంచి బట్టలు ఆమే తీసి, ఒక్కొక్కటే మంచం మీద విసిరేసింది. ఆ రోజుల్లో రోడ్డు మీద బొంబాయి లారీలు పోతున్న చప్పుడు తప్ప మా ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. సీటు రాకపోతే ఆమె మొహం ఎట్లా చూడాలో తెలిసేది కాదు.

రాజేంద్రనగర్ నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినప్పుడు పెద్దవాళ్లు వెంట రావాలన్నారు కాబట్టి అమ్మ వచ్చింది. బల్ల అవతల కూర్చున్న ఆఫీసరు నా కాగితాలు తిరగేసి, నన్ను దాటి ఆమెను చూశాడు.

"ఆడపిల్ల, ఎండలో పొలాలు పట్టుకుని తిరగగలదా? తండ్రి రాలేదేం?"

"తిరుగుతదా అన్నది ఆమెను అడగండి సార్," అన్నది అమ్మ. "ఆ భూమి ఆయనది, ఆ కాగితంలనే రాసుంది. పిల్ల నాది."

ఆయన ఈ చదువే ఎందుకని అడిగి, శనగ చేను తెగులు గురించి నాతో నాలుగు మాటలు చెప్పించుకుని, పక్కనున్నాయన వైపు చూసి తలూపాడు. సీటు వచ్చింది.

హాస్టల్లో దింపినప్పుడు ఆమె ఏడవలేదు, నేనూ ఏడవలేదు. "తిండి సరిగ తిను" అన్నది. అదొక్కటే.

మొదటి సెలవులకు వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం ఆమెకు అన్నం క్యారియర్ తీసుకుని వార్డులోకి పోయాను. మంచాల మీది ఆడవాళ్లు నన్ను ఎగాదిగా చూశారు. ఒకామె అడిగింది, "నీ బిడ్డనా నర్సమ్మా? డాక్టరు చదువుతున్నదా?"

అమ్మ స్టవ్ మీద మరుగుతున్న సూదుల గిన్నెలోంచి తల ఎత్తలేదు. "లేదు. మన్ను చదువుతున్నది," అన్నది.

ఆడవాళ్లు పకపకా నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. "ఏమన్నవు?" అన్నాను, అందరూ వింటుండగానే.

"ఉన్నదే అన్న," అని చిమటాతో సూది తీసింది. తర్వాత ఆ అడిగినామె వైపు తిరిగి, "మీ చేన్ల శనగ ఎండుతున్నదని ఏడ్చినవు కదా పొద్దున? ఈమెను అడుగు. అడుగు, చెప్తది," అన్నది.