పిడికెడు బియ్యం

ఇవాళ కూడా వంటకు ముందు చర్చికని వంటింట్లో పెట్టిన డబ్బాలో పిడికెడు బియ్యం వేశాను. ఆ చప్పుడుకి ఉయ్యూరు దగ్గర మా పేట గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఓసారి ముసురుకి కూలిపనుల్లేక మా పొయ్యి వెలగలేదు. ఇంటింటా ఇలాగే పోగైన పిడికెళ్ల బియ్యం పాస్టరు అయ్యగారు మాకు తెచ్చారు. నేను తలుపేసేశాను. విశ్వాసముంటే లోటుండదని ఆ వారమే కారులో వచ్చిన ప్రసంగీకుడు చెప్పాడు మరి.

“తీసుకుంటే అమ్మకి విశ్వాసం లేదనుకుంటారండీ!”

అయ్యగారు వానలోనే నిలబడ్డారు. “అమెరికాలో నల్లవాళ్లని సంతలో అమ్మారు తల్లీ. విశ్వాసం లేకనా? దేవుడు వాళ్ల గుడిసెల్లోనే ఉన్నాడు, వాళ్లని కొన్నోళ్ల మేడల్లో కాదు.”

“మరి ఆయనా పస్తేనా?”

“మీ ఇంట్లో ఉన్నాడుగా, పస్తే. తలుపు తియ్యి.”

తీశాను. అమ్మ ఆ బియ్యంలోంచే ముందు పిడికెడు డబ్బాలో వేసి, తర్వాత ఎసరు పెట్టింది. అదే విశ్వాసమని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.